ఏడు రోజులా, ముప్పై రోజులా? పేదల లెక్క తేలేది ఇక్కడే

2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక పాత లెక్కను సవరించింది. 2022లో ప్రపంచం మొత్తం మీద కటిక పేదరికంలో ఉన్నవాళ్లు 71.3 కోట్ల మంది అని అప్పటిదాకా చెబుతూ వచ్చింది. సవరించాక అది 83.8 కోట్లయింది. పన్నెండున్నర కోట్ల మంది ఒక్కసారిగా పేదల లెక్కలోకి వచ్చిపడ్డారు. 2022 ఎప్పుడో గడిచిపోయిన ఏడాది. ఈ సవరణ వల్ల ఎవరి కూలీ తగ్గలేదు, ఎవరి పంటా ఎండలేదు. మారింది కొలిచే తీరు ఒక్కటే.

అదే సవరణలో మన దేశం గురించి వచ్చిన కబురు మరోలా ఉంది. 2011-12లో 27.1 శాతంగా ఉన్న కటిక పేదరికం 2022-23 నాటికి 5.3 శాతానికి దిగిందని బ్యాంకు తేల్చింది. ఇటు మన పేదలు తగ్గారు, అటు ప్రపంచంలో పేదలు పెరిగారు, రెండూ ఒకే కాగితం మీద. ఏది నమ్మాలి?

మన తెలుగు రాష్ట్రాల వాళ్లకు ఈ అయోమయం పాతదే. 2011-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 9.2 శాతమేనని ప్రణాళికా సంఘం చెప్పింది. అప్పుడు మన ఊళ్లలో తెల్లకార్డు లేని ఇల్లు వెతికినా దొరకడం కష్టంగా ఉండేది. దొంగకార్డుల సంగతి అలా ఉంచినా, ఈ రెండింటికీ పొంతన కుదరదు. కార్డు ఎవరికి బియ్యం ఇవ్వాలో తేల్చే నిర్ణయం. దాని ఆదాయ పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం తన విధానాన్ని బట్టి పెట్టుకుంటుంది. పేదల శాతం వేరే పనికోసం, వేరే పద్ధతిలో, కొన్ని ఇళ్లను మచ్చుకు ఎంచుకుని వేసిన అంచనా. ఆ అంచనా ఎలా పుడుతుందో మొదటినుంచీ చూస్తే తప్ప పై చిక్కుముడి విడిపోదు.

ఓడలో కూలీ తిండి, జైల్లో ఖైదీ ఖర్చు

పేదవాడు ఎవరో తేల్చాలంటే ముందు ఒక గీత గీయాలి. బతకడానికి కనీసం ఇంత కావాలి, అంతకు తక్కువైతే పేద. ఆ 'ఇంత' ఎంత?

ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు వెతికిన తొలితరం వాళ్లలో మనవాడే ఉన్నాడు. దాదాభాయ్ నౌరోజీ 1870లలోనే, 1867-68 ధరల మీద, ఒక భారతీయుడు బతికి బట్టకట్టడానికి ఏడాదికి ఎంత కావాలో లెక్క కట్టాడు. దానికి ఆయన పట్టుకున్న ఆధారాలు గుండెను మెలిపెడతాయి. విదేశాలకు తీసుకుపోయే వలస కూలీలకు ఓడ ప్రయాణంలో పెట్టాలని సర్కారు వైద్యాధికారి నిర్ణయించిన తిండి ఒకటి. జైళ్లలో ఖైదీల మీద సర్కారు పెట్టే ఖర్చు మరొకటి. ప్రాంతాన్ని బట్టి మనిషికి ఏడాదికి 16 నుంచి 35 రూపాయలు కావాలని తేలింది. దేశం మొత్తం మీద తలసరి ఆదాయం 20 రూపాయలని ఆయన అంచనా. తెల్లవాళ్ల ఏలుబడిలో ఈ దేశం ఎలా ఎండిపోతోందో చెప్పడానికి ఆయనకు ఆ రెండు అంకెలు చాలాయి.

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో సీబోమ్ రౌంట్రీ 1899లో ఇల్లిల్లూ తిరిగి ఇలాంటి గీతే గీశాడు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగి మోలీ ఒర్షాన్‌స్కీ 1960లలో మరో ఉపాయం చేసింది. చవకలో చవకగా తినే తిండికి అయ్యే ఖర్చును మూడుతో హెచ్చవేసి అదే పేదరికపు హద్దు అంది. అక్కడ కుటుంబాలు అప్పట్లో రాబడిలో మూడోవంతు తిండికి పెట్టేవి కాబట్టి మూడు. అమెరికా అధికారిక గీత ఈనాటికీ ఆ పునాది మీదే నిలబడి ఉంది.

మన ప్రభుత్వం తిండిని కేలరీల్లోకి మార్చింది. 1979లో నిపుణుల బృందం పల్లెలో మనిషికి రోజుకు 2400 కేలరీలు, పట్నంలో 2100 కావాలని నిర్ణయించి, అన్ని కేలరీలు తింటున్న కుటుంబాలు మొత్తంగా ఎంత ఖర్చు పెడుతున్నాయో చూసి గీత గీసింది. 1973-74 ధరల్లో పల్లెకు నెలకు 49 రూపాయలు, పట్నానికి 57 రూపాయలకు కాస్త తక్కువ. ఆ తర్వాత దశాబ్దాల పాటు ధరలు పెరిగినకొద్దీ ఆ అంకెను పెంచుకుంటూ పోయారు. ఇంతలో జనం బతుకే మారిపోయింది. చదువుకు, మందులకు, బస్సు చార్జీలకు ఖర్చు పెరిగింది. పెంచిన గీత దగ్గర ఉన్నవాళ్లు నిజానికి 2400 కేలరీలు తినడం లేదని తర్వాతి సర్వేలు చూపించాయి. గీత పుట్టిన కారణం ఒకటి, నిలబడిన చోటు మరొకటి అయిపోయింది.

ప్రపంచానికంతటికీ ఒకే గీత

దేశానికో గీత ఉంటే ప్రపంచ లెక్క వేయడం ఎలా? ప్రపంచ బ్యాంకులో మార్టిన్ రవాలియన్, ఆయన సహచరులు 1990లో తేలికైన మార్గం కనిపెట్టారు. బాగా పేద దేశాలు తమకు తాము ఎక్కడ గీత గీసుకున్నాయో చూశారు. అవన్నీ రోజుకు ఒక డాలరు చుట్టుపక్కలే కనిపించాయి. అలా పుట్టిందే 'రోజుకో డాలరు'. పేదరికం అంటే ఏమిటో వాషింగ్టన్‌లో కూర్చుని తేల్చకుండా, పేద దేశాల మాటకే విలువ ఇవ్వడం ఈ పద్ధతిలోని మంచి.

ఆ డాలరు అక్కడే ఆగిపోలేదు. 1.08, 1.25, 1.90, 2.15, ఇప్పుడు 2025లో 3 డాలర్లు. ధరలు పెరిగాయి కాబట్టి గీత పెరిగిందని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఈసారి పెంపులో పెద్దవాటా మరో కారణానిది. పశ్చిమ ఆఫ్రికాతో సహా చాలా పేద దేశాలు ఈ మధ్య తమ సర్వేలను మెరుగుపరిచాయి. తిండి గురించి మరింత వివరంగా అడగడం మొదలుపెట్టాయి. వివరంగా అడిగితే జనం తినేదీ, వాడేదీ ముందు అనుకున్నదాని కంటే ఎక్కువని తేలింది. దాంతో ఆ దేశాలు సొంత గీతలను పైకి జరిపాయి. ఆ గీతలన్నిటికీ నడుమనున్నదాన్ని ప్రపంచ గీతగా తీసుకుంటారు కాబట్టి అదీ పైకి జరిగింది. ప్రశ్నపత్రం మారింది, అందువల్ల గీత మారింది, అందువల్ల పన్నెండున్నర కోట్ల మంది పేదలయ్యారు.

(పెట్టె) ఈ డాలరు బ్యాంకులో మార్చుకునే డాలరు కాదు

మూడు డాలర్లంటే ఇప్పటి మారకం రేటులో రెండొందల యాభై రూపాయలు దాటుతుంది కదా, రోజుకు మనిషికి అంత ఖర్చు పెట్టేవాడు కటిక పేదవాడు ఎలా అవుతాడని మీకు అనిపించి ఉంటుంది. సందేహం న్యాయమైనదే.

హైదరాబాద్‌లో మంగలి షాపులో క్షవరానికి అయ్యే డబ్బుతో న్యూయార్క్‌లో ఆ షాపు గుమ్మం కూడా తొక్కలేం. పేద దేశాల్లో మనిషి చాకిరీ చవక. అందుకే కూలీ, ఇంటి అద్దె, ఆటో చార్జీ లాంటివన్నీ చవక. విదేశీ మారకం రేటు ఓడలెక్కి పోయే సరుకుల్ని బట్టి నడుస్తుంది. ఇలాంటివి దానికి అందవు. అందుకని ఒకే రకం వస్తువులు, సేవలు వివిధ దేశాల్లో ఎంతకు దొరుకుతున్నాయో ధరలు సేకరించి, డాలరుతో అమెరికాలో కొనగలిగినంత సరుకును ఇక్కడ కొనడానికి ఎన్ని రూపాయలు కావాలో లెక్కకడతారు. దీన్నే కొనుగోలు శక్తి సమానత అంటారు. 2021లో బ్యాంకులో డాలరుకు 74 రూపాయల దాకా వచ్చేవి. ఈ లెక్కలో మాత్రం 20 చుట్టుపక్కలే. కాబట్టి మూడు డాలర్ల గీత అంటే 2021 ధరల్లో మన దేశంలో మనిషికి రోజుకు అరవై రూపాయల పైచిలుకు. తిండి, బట్ట, అద్దె, మందులు, బడి, బస్సు అన్నీ అందులోనే.

ఈ ధరల సేకరణ 1960ల చివర ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టిన పని. 1970 నాటి మొదటి విడతలో ఉన్న పది దేశాల్లో భారత్ ఒకటి. 2021 విడతలో 176 దేశాలు, ప్రాంతాలు పాల్గొన్నాయి.

ఈ ధరలు తప్పితే ఏమవుతుందో 2008లో అందరికీ తెలిసొచ్చింది. 2005 విడత ధరల సేకరణలో చైనా మొదటిసారి చేరింది. భారత్ 1985 తర్వాత మళ్లీ చేరింది. అంతకుముందు ఈ రెండు దేశాల ధరలను చాలావరకు ఊహించి వేసేవాళ్లు. నిజంగా సేకరించి చూస్తే, అనుకున్నంత చవకగా లేవు. గీతను కూడా కలిపి సవరించేసరికి, అంతకుముందు వంద కోట్లకు లోపు అనుకున్న ప్రపంచ పేదల సంఖ్య 140 కోట్లకు చేరింది.

ఈ పద్ధతి మీద గట్టి విమర్శలున్నాయి. సరుకుల జాబితాలో పేదవాడు కొననివి చాలా ఉంటాయి. వాటి ధరలు కూడా కలిసి వచ్చే సగటుతో పేదవాడి బతుకును కొలుస్తున్నారని సంజయ్ రెడ్డి, థామస్ పోగె వంటివాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. నా ఉద్దేశంలో ఆ విమర్శలో పస ఉంది. అయితే ఇంతకంటే లోతైన చిక్కు ఇంకోచోట ఉంది. దాని గురించి పత్రికల్లో చర్చ బాగా తక్కువ.

నాలుగు వందల ప్రశ్నలు

గీత ఎక్కడ గీసినా, దానికి పైన ఎవరున్నారో కింద ఎవరున్నారో తెలియాలంటే ఇళ్లకు వెళ్లి అడగాలి. మన దేశంలో ఆ పని 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేది. గణాంకవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ పుణ్యమా అని పేద దేశాల్లో ఇంత పెద్ద సర్వేలు మనమే ముందు చేశాం. 2022-23 సర్వేలో 2,61,746 కుటుంబాల వివరాలు సేకరించారు.

ఒక ఇంటికి వెళ్దాం. సర్వే ఉద్యోగి ట్యాబ్ తెరిచి వసారాలో కూర్చుంటాడు. ఇల్లాలు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. బియ్యం ఎంత వాడారమ్మా? రేషను బియ్యం ఎంత, బయట కొన్నది ఎంత? కందిపప్పు? మినప్పప్పు? నూనె ఏది, ఎంత? చింతపండు, ఎండుమిర్చి, ఉల్లిపాయలు, గుడ్లు, చేపలు. బయట తాగిన టీ. సెల్‌ఫోను రీచార్జి. సబ్బు, కొబ్బరినూనె. బీడీలు. చీర, చెప్పులు, పిల్లల ఫీజు, ఆసుపత్రి, పెళ్లికి కొన్న బీరువా. జాబితాలో నాలుగు వందలకు పైగా వస్తువులుంటాయి. పొలానికి వెళ్లిన మగవాడు తిరిగొచ్చేసరికి ఇంకా ప్రశ్నలు నడుస్తూనే ఉంటాయి. ప్రతి వస్తువుకూ ముందు ఒక మాట తగులుతుంది. అంతా ఆ మాటలోనే ఉంది: గత ఎన్ని రోజుల్లో?

'గత 30 రోజుల్లో గుడ్లు ఎన్ని కొన్నారు' అంటే ఎవరైనా ఏం చెబుతారు? నెల కిందటి సంగతి గుర్తుండదు. గుర్తున్నది చెబుతారు. చిల్లర ఖర్చులు జారిపోతాయి. కూరగాయలు, పండ్లు, పాలు, బయట తిన్న ఇడ్లీ లెక్కలోకి రావు. 'గత ఏడు రోజుల్లో' అంటే జ్ఞాపకం తాజాగా ఉంటుంది. దాన్ని నెలకు లెక్కకడితే ఖర్చు ఎక్కువగా తేలుతుంది. ఖర్చు ఎక్కువ తేలితే కొన్ని కుటుంబాలు గీత దాటి పైకి పోతాయి.

మరి ఏడు రోజులే సరైనవా? అదీ చెప్పలేం. అంతకు ముందువారం కొన్న నూనె ప్యాకెట్టును కూడా ఈ వారంలో కలిపి చెప్పేస్తారు. అప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. 1950ల తొలినాళ్లలో మహలనోబిస్ బృందం ఈ ప్రశ్న మీదే ప్రయోగాలు చేసి, వాటిని బట్టి 30 రోజులను ఎంచుకుంది. దశాబ్దాల పాటు అదే సాగింది.

బట్టలు, చెప్పులు, సామాన్ల సంగతి ఇంకా చిత్రం. ఏ కూలీ కుటుంబమైనా సంక్రాంతికో దసరాకో ఒకసారి బట్టలు కొంటుంది. సర్వే ఉద్యోగి ఆషాఢంలో వచ్చి గత నెలలో బట్టలకు ఎంత పెట్టారని అడిగితే, సున్నా. సున్నా వేసిన ఆ కుటుంబం గీతకు కిందికి జారుతుంది. గత ఏడాదిలో ఎంత పెట్టారని అడిగి పన్నెండుతో భాగిస్తే ప్రతి నెలకూ కొంత చేరుతుంది. అదే కుటుంబం గీత దాటుతుంది. ఇంట్లో బట్టలు మాత్రం అవే.

1990ల చివర్లో సర్వే సంస్థ కొన్ని ఇళ్లలో పాత పద్ధతిలో, మరికొన్ని ఇళ్లలో తిండికి ఏడు రోజులు, బట్టలకు ఏడాది అనే కొత్త పద్ధతిలో అడిగి పోల్చి చూసింది. కొత్త పద్ధతిలో పేదరికం దాదాపు సగానికి సగం పడిపోయింది. అంత తేడా చూసి కంగారుపడ్డారో ఏమో, 1999-2000 సర్వేలో తిండి గురించి ఏడు రోజుల ప్రశ్న, 30 రోజుల ప్రశ్న ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చేశారు. ఒకేసారి రెండూ అడిగితే మనిషి ఒకదానికి సరిపోయేలా రెండోది చెబుతాడు. ఏడు రోజుల జవాబు వచ్చి ముప్పై రోజుల జవాబును పాడుచేసింది. 1993-94లో 36 శాతం ఉన్న పేదరికం ఒక్కసారిగా 26 శాతానికి పడిపోయినట్టు వచ్చింది. తర్వాత నోబెల్ అందుకున్న ఆంగస్ డీటన్ సహా ఎందరో ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి ఆ ముడి విప్పే ప్రయత్నం చేశారు. తగ్గుదల చాలావరకు నిజమేనని, అయితే సర్కారు చెప్పినంత లేదని డీటన్ తేల్చాడు. ఈ వివాదమంతా ఒక కాగితం మీద రెండు గళ్లు పక్కపక్కన ఉండటం వల్ల వచ్చిందంటే నమ్మడం కష్టం, కానీ జరిగింది అదే.

ఇక అన్నిటికంటే బలమైన రుజువు 2011-12 సర్వే. అప్పుడు రెండు పద్ధతుల్లోనూ వేర్వేరు ఇళ్లలో అడిగారు. ప్రపంచ బ్యాంకు 2015లో ఆ రెండింటినీ తన 1.90 డాలర్ల గీతకు పెట్టి చూసింది. పాత పద్ధతిలో భారత్ పేదరికం 21.2 శాతం. కొత్త పద్ధతిలో 12.4 శాతం. అదే దేశం, అదే ఏడాది, అదే గీత. తేడా సుమారు పది కోట్ల మంది. వాళ్లంతా 'ఏడు', 'ముప్పై' అనే రెండు మాటల మధ్య ఉన్నారు.

2022-23 సర్వేలో ఇంకా మార్పులు వచ్చాయి. ఒకేసారి కూర్చోబెట్టి అన్నీ అడగకుండా, తిండికి ఒకసారి, రోజువారీ సరుకులు, సేవలకు ఒకసారి, సామాన్లకు ఒకసారి, ఇలా మూడుసార్లు ఇంటికి వెళ్లారు. గంటల తరబడి అడిగితే మనిషి విసుగుపడి 'అంతేనండీ, ఇంకేం లేదు' అనేస్తాడు. మూడుసార్లు వెళితే ఆ ఇబ్బంది తగ్గి ఎక్కువ చెబుతాడు. ఇది మంచి మార్పే. దాంతో పాటు పాత సర్వేతో పోల్చడం కష్టమైంది. పోల్చేటప్పుడు ఈ తేడాలు గుర్తుంచుకోవాలని సర్వే నివేదికే చెప్పింది. కాబట్టి 27.1 నుంచి 5.3 దాకా వచ్చిన తగ్గుదలలో బతుకు బాగుపడటం వల్ల తగ్గింది ఎంత, ప్రశ్న మారడం వల్ల తగ్గింది ఎంత అనేది ఇంకా తేలవలసిన లెక్క. తగ్గలేదని ఎవరూ అనడం లేదు. పల్లెల్లో తిరిగే ఎవరికైనా తగ్గిందని కంటికే కనిపిస్తుంది. ఎంత అన్నదే ప్రశ్న.

ఆసుపత్రి బిల్లు కట్టినవాడు ధనవంతుడు

ఖర్చుతో కొలవడంలో ఇంకో లోపం ఉంది. సర్వేకు తెలిసేది ఎంత ఖర్చయిందనే కానీ, అది సుఖానికో కష్టానికో తెలియదు. ఆపరేషన్‌కు వడ్డీకి తెచ్చి యాభై వేలు పోసిన కుటుంబం ఆ ఏడాది లెక్కలో పైమెట్టు ఎక్కుతుంది. ఆ పక్కింటివాళ్లు అదే ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద పైసా లేకుండా చేయించుకుంటే కిందిమెట్టు మీద ఉంటారు.

ఉచిత బియ్యం విషయంలో మాత్రం ఈ మధ్య కొంత సరిచేశారు. 2022-23 సర్వేలో పల్లెల్లో తలసరి నెల ఖర్చు 3,773 రూపాయలు. ఉచితంగా వచ్చిన సరుకులకు ధర కట్టి కలిపితే 3,860. ఈ రెండూ విడివిడిగా ప్రకటించారు. అయితే సర్కారు బడి చదువుకు, సర్కారు ఆసుపత్రి వైద్యానికి ధర కట్టలేదు. కట్టడం తేలికా కాదు. డాక్టరు లేని ఆసుపత్రికి ఏ ధర కడతాం?

34 మార్కులవాడు, 5 మార్కులవాడు

గీత కింద ఎందరున్నారో లెక్కపెట్టి ఊరుకుంటే మరో ప్రమాదం. 35 వస్తే పాసయ్యే పరీక్షలో 34 వచ్చినవాడూ, 5 వచ్చినవాడూ ఫెయిలే. పాస్ శాతమే చూసి మెచ్చుకునే బడిలో హెడ్మాస్టరు ఎవరికి ట్యూషన్ చెప్పిస్తాడు? 30కి పైన వచ్చినవాళ్లకు. నాలుగు మార్కులు పెంచితే చాలు, శాతం పెరుగుతుంది. 5 మార్కులవాడిని ఎవరూ పట్టించుకోరు. వాడి పుస్తకాలు తీసి 34 మార్కులవాడికి ఇచ్చినా శాతం పెరుగుతుంది.

పేదరికంలోనూ అంతే. నిరుపేద నోటి దగ్గరి కూడు లాగి గీతకు ఆనుకుని ఉన్నవాడికి ఇస్తే పేదల సంఖ్య తగ్గుతుంది. అమర్త్య సేన్ 1976లో ఈ అన్యాయాన్ని ఎత్తి చూపి, గీతకు ఎంత దిగువన ఉన్నారో, పేదల మధ్యే ఎంత అంతరం ఉందో కూడా పట్టుకునే కొలమానం కావాలన్నాడు. 1984లో ఫోస్టర్, గ్రీర్, థోర్‌బెక్ అనే ముగ్గురు దానికి వాడుకకు వీలైన రూపం ఇచ్చారు. ప్రపంచ బ్యాంకు ఆ లోతు కొలతనూ ప్రకటిస్తూనే ఉంది. పత్రికల శీర్షికలకెక్కేది మాత్రం తలల లెక్కే.

గడప లోపల

సర్వే ఇంటిని కొలుస్తుంది. ఇంటి ఖర్చును తలల సంఖ్యతో భాగించి, అందరికీ సమానంగా అందుతోందని అనుకుంటుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలు, మందులు వాయిదా వేసే ముసలమ్మ ఆ సగటులో కలిసిపోతారు.

ఒంటరి వితంతువు విషయంలో ఈ భాగహారం ఇంకా అన్యాయం చేస్తుంది. ఆరుగురున్న ఇంటికీ ఒక పొయ్యే, ఒక బల్బే, ఒక కప్పే. ఒక్కతే ఉన్న ఆమెకూ అవే కావాలి. తలసరిన చూస్తే ఆమె ఖర్చు ఎక్కువ, కాబట్టి ఆమె నయం. జాన్ డ్రెజ్, పి.వి. శ్రీనివాసన్ 1997లో మన పల్లెల సర్వే లెక్కలు తీసుకుని ఈ సంగతి పరిశీలించారు. మామూలు తలసరి లెక్కలో వితంతువుల ఇళ్లు మిగతావాటికంటే పేదగా కనిపించలేదు. పెద్ద కుటుంబానికి కలిసివచ్చే ఈ ఆదాను కాస్త లెక్కలోకి తీసుకోగానే బొమ్మ తిరగబడింది. పేదరికం గురించి నేను చదివినవాటిలో నన్ను బాగా కదిలించిన పరిశోధనల్లో ఇదొకటి. భాగహారంలో ఒక చిన్న సవరణ లక్షలమంది ఆడవాళ్లను కంటికి కనిపించేలా చేసింది.

ఖర్చును వదిలేసి, మనిషికి అందవలసినవి అందుతున్నాయా అని సూటిగా చూద్దామన్నది సేన్ ఆలోచన నుంచి వచ్చిన మరో దారి. ఆక్స్‌ఫర్డ్‌లో సబీనా అల్కైర్, జేమ్స్ ఫోస్టర్ రూపొందించిన బహుముఖ పేదరిక సూచీని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం 2010 నుంచి వాడుతోంది.

(పెట్టె) పద్దెనిమిది పాళ్ల లెక్క

లేమి మొత్తాన్ని 18 పాళ్లుగా అనుకోండి. ఆరోగ్యానికి ఆరు: పౌష్టికాహారం 3, పిల్లల మరణాలు 3. చదువుకు ఆరు: ఇంట్లో ఎవరైనా ఆరేళ్ల చదువు పూర్తి చేశారా అన్నది 3, బడి ఈడు పిల్లలు బడికి వెళుతున్నారా అన్నది 3. బతుకు తీరుకు ఆరు: వంట చెరకు, మరుగుదొడ్డి, మంచినీళ్లు, కరెంటు, ఇల్లు, సామాన్లు ఒక్కోటి 1.

ఒక ఇంట్లో ఎవరికీ ఆరేళ్ల చదువు లేదు: 3. కట్టెల పొయ్యి మీద వంట: 1. మరుగుదొడ్డి లేదు: 1. మట్టి నేల, తాటాకు కప్పు: 1. మొత్తం 6. మూడోవంతుకు చేరితే పేద కుటుంబమే. గ్యాస్ కనెక్షన్ ఇచ్చి, సిలిండర్ తెచ్చుకోగలిగితే 5కు దిగి లెక్కలోంచి బయటపడుతుంది. ఏ తలుపు తెరిస్తే ఆ కుటుంబం బయటికి వస్తుందో ఈ సూచీ చూపిస్తుంది. అదే దీని బలం.

ఈ సూచీ 2025 లెక్క ప్రకారం 109 దేశాల్లోని 630 కోట్ల మందిలో 110 కోట్ల మంది పేదలు. నీతి ఆయోగ్ దీనికి గర్భిణుల ఆరోగ్యం, బ్యాంకు ఖాతా జోడించి 12 అంశాలతో మన దేశానికి వేసిన లెక్కలో 2015-16లో 24.85 శాతం ఉన్న పేదలు 2019-21లో 14.96 శాతమయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 11.77 నుంచి 6.06కు, తెలంగాణలో 13.18 నుంచి 5.88కి తగ్గారు. బ్యాంకు ఖాతా ఉన్నంత మాత్రాన అందులో డబ్బు ఉన్నట్టు కాదు, ఆ మాట నిజమే. ఈ సూచీ కూడా ఇంటి గడప లోపలికి పూర్తిగా తొంగిచూడలేదు. అయినా ఖర్చు లెక్కకు తోడుగా ఇది ఉండవలసిందే.

ప్రతిసారీ కొత్త ఇళ్లను ఎంచుకునే సర్వేలు ఒక కుటుంబం పేదరికంలోంచి బయటపడి నిలదొక్కుకుందా, మళ్లీ జారిందా చెప్పలేవు. అందుకు ఒకే కుటుంబాల పిల్లల వెంట ఏళ్ల తరబడి నడవాలి. అలాంటి అరుదైన పని మన దగ్గర జరిగింది. ఆక్స్‌ఫర్డ్ నడిపే 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన రెండు రాష్ట్రాల్లో శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జిల్లాల్లోని సుమారు మూడు వేల మంది పిల్లలను 2002 నుంచి అనుసరిస్తూ వచ్చింది. అప్పటి పసిపిల్లలు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటారు.

గీత లేని దేశం

2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే పేద కాదంది. దేశం భగ్గుమంది. సురేశ్ టెండూల్కర్ కమిటీ పద్ధతిలో వచ్చిన గీత అది. ఆ గొడవ తర్వాత, ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా చేసిన సి. రంగరాజన్ అధ్యక్షతన కొత్త కమిటీ వేశారు. ఆయన 2014లో నివేదిక ఇచ్చారు. 2011-12కు టెండూల్కర్ గీత పల్లెలో నెలకు 816, పట్నంలో 1,000 రూపాయలు. ఆ లెక్కన పేదలు 27 కోట్లు. రంగరాజన్ గీత 972, 1,407. ఆ లెక్కన 36 కోట్లు దాటారు. కొత్త గీతను ప్రభుత్వం ఖరారు చేయలేదు, పాతదాన్ని కొనసాగించనూ లేదు. 2017-18లో చేసిన ఖర్చుల సర్వే ఫలితాలను నాణ్యత బాగాలేదంటూ బయటపెట్టలేదు. ప్రపంచ పేదరికపు లెక్కలో కోట్ల మంది వాటా ఉన్న దేశం నుంచి పదకొండేళ్ల పాటు అధికారిక ఖర్చుల లెక్క లేకపోవడంతో, ఆ మధ్య కాలమంతా ప్రపంచ అంచనాలూ ఊహల మీదే నడిచాయి.

ఇప్పుడు 2022-23, 2023-24 సర్వేలు రెండూ చేతిలో ఉన్నాయి. అంకెలున్నాయి, వాటికి పెట్టి చూడటానికి మనదంటూ అధికారిక గీత లేదు. అందుకే మన పేదలెందరో తెలుసుకోవడానికి వాషింగ్టన్ నివేదిక కోసం ఎదురుచూస్తున్నాం. కేంద్రం చేయవలసిన పనులు మూడున్నాయి. నిపుణుల కమిటీ వేసి కొత్త గీతను ప్రకటించాలి. ఇకపై ప్రతి సర్వేలో కొన్ని వేల ఇళ్లలోనైనా పాత ప్రశ్నపత్రంతోనూ అడిగి, పాతకూ కొత్తకూ వంతెన వేయాలి. 2017-18 సర్వే అంకెలను, లోపాలుంటే ఆ లోపాలతో సహా, పరిశోధకుల ముందు పెట్టాలి. అప్పటిదాకా పేదరికం ఇంత శాతం తగ్గిందని ఎవరు చెప్పినా, ఏ గీతకు, ఎన్ని రోజుల ప్రశ్నకు అని అడగండి.